భువనేశ్వరమ్మ ఇచ్చిన పోస్టింగులు

భువనేశ్వరమ్మ ఇంట్లో ఏ వస్తువుకూ రిటైర్మెంటు లేదు. పాలపాకెట్టు కానీండి, కాలిపోయిన మిక్సీ కానీండి, గడప దాటి చెత్తబండి ఎక్కాలంటే ముందు ఆవిడ ఎదుట హాజరు కావాలి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కాసేపు ఆలోచించి తీర్పు చెప్తుంది.

"దీనికి ఇంకా సర్వీసు ఉండాది. పోస్టింగ్ ఇస్తా."

ఈ భాష ఆవిడకు ఉద్యోగంలో అబ్బింది. పెళ్ళికి ముందు చేరి, జుట్టు నెరిసేదాకా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేర్లు నమోదు చేసే కిటికీ వెనక కూర్చుంది. మద్రాసులో డిగ్రీ పాసైనవాడల్లా ఒకసారైనా ఆ కిటికీ ముందు నిలబడినవాడే. అందుకే అత్తగారితో బజారుకు వెళ్ళడమంటే కోడలు జననికి గండం. బస్సు కండక్టరో, బట్టల కొట్టు మేనేజరో, బ్యాంకు సెక్యూరిటీయో, ఎవరో ఒకరు చేతులు జోడించి ఆపేస్తారు.

"మేడమ్, బాగుండారా? మీ దగ్గర రిజిస్టర్ చేసుకున్నాను."

"వచ్చిందా నాయనా ఉద్యోగం?"

"రాలేదు మేడమ్. నేనే ఏదో చూసుకున్నా."

ఆవిడ ముఖం చిన్నబోతుంది. తప్పు ఆవిడది కాదు, ఆఫీసుదీ కాదు. ఖాళీలు కొన్ని, నిలబడ్డవాళ్ళు కొల్లలు. అయినా ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విడిచాక మాత్రం ఏదో ఒక పగిలిన డబ్బాకు తప్పకుండా పోస్టింగ్ పడుతుంది.

చింతాద్రిపేటలో, కూవం నది గట్టుకు దగ్గర్లో ఉన్న ఆ పాత మిద్దె ఇంటికి జనని కోడలుగా వచ్చిన వారంలో ఒక ఖాళీ షాంపూ సీసా పారేసింది. మర్నాడు పొద్దున అది తులసికోటలో తలకిందులుగా దిగబడి, మూతకు పెట్టిన చిల్లులోంచి బొట్టుబొట్టుగా నీళ్ళు పోస్తూ కనిపించింది. తన సీసానే. చూసి గుర్తుపట్టి తల తిప్పుకుంది.

తర్వాత ఒక్కొక్కరి సర్వీసు చరిత్రా తెలుసుకుంది. ఆ ఇంట్లో తువ్వాలు మొదట ఒళ్ళు తుడుస్తుంది. పల్చబడ్డాక రెండు ముక్కలై వంటింట్లో చేతులు తుడుస్తుంది. పసుపు మరకలు పడ్డాక స్టవ్వు తుడుస్తుంది. ఆ తర్వాత స్కూటర్ తుడుస్తుంది. చిరుగులు పట్టాక గడప దగ్గర అందరి కాళ్ళూ తుడుస్తుంది.

"డిమోషన్ మీద డిమోషన్ గదా అత్తా, పాపం!" అంది జనని.

"డిమోషన్ ఎందుకవుతాది? డిపార్టుమెంటు మారింది, అంతే."

పేరంటాల్లో ఇచ్చే జాకెట్టు గుడ్డ సంగతి ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. దాన్ని ఎవరూ కుట్టించుకోరు, ఎవరూ ఉంచుకోరు, ఇంటింటికీ తిరుగుతూనే ఉంటుంది. ఒక ఏడు భువనేశ్వరమ్మ ఒక వంకాయరంగు గుడ్డ మూలన పచ్చదారంతో చిన్న ముడి వేసి పంపింది. ఏయే పేటలు తిరిగిందో ఏమో, కొన్నేళ్ళకు ఎవరి తాంబూలంలోనో అది మళ్ళీ ఈ ఇంటికే వచ్చింది.

"చూడు మే జననీ! ఊరంతా ట్రాన్స్‌ఫర్లు తిరిగి సొంతూరికి వచ్చింది" అంటూ ఆ గుడ్డకు దిష్టి తీసింది.

ఆవిడ భర్త పరంధామయ్యకు మాత్రం ఈ పద్ధతి మహా ఇష్టం. "పాతబడిన ప్రతిదానికీ మర్యాద జరిగే ఇంట్లో నాకేం భయం?" అంటాడు. ఆయనకూ ఒక పోస్టింగ్ ఉంది. మిద్దె మీద వడియాల దగ్గర కూర్చుని కాకుల్ని తోలడం. ఆయనకు తోడుగా దండెం మీద పాత సీడీలు తళుక్కుమంటూ వేలాడుతుంటాయి. కాకులు సీడీలకే ఎక్కువ భయపడతాయని వీధిలో అంటారు గాని ఆయన ఒప్పుకోడు.

భువనేశ్వరమ్మకు పాతవాటి మీద ఎంత దయో, కొత్తవాటి మీద అంత అనుమానం. కొడుకు గిరికి ఆన్‌లైన్ ఆఫర్ల పిచ్చి. కొత్త వస్తువు ఏది దిగినా అట్టపెట్టె విప్పకముందే ఆవిడ ఇంటర్వ్యూ మొదలుపెడుతుంది.

"చెడిపోతే రిపేరు ఎవరు చేస్తారు?"

"రిపేరు ఉండదమ్మా. కొత్తది తీసుకోవాల."

"బ్యాటరీ?"

"తెరవడానికి కాదు. సీలు చేసేసినారు."

"పని ఆపేసినాక దేనికి పనికొస్తాది?"

గిరి పైకప్పు వైపు చూస్తాడు.

"కడుపులో ఏముందో చూడనీదు, చచ్చినాక దేనికీ రాదు, బతికినన్నాళ్ళూ మన మాటలన్నీ వింటా కూచుంటాది. ఏం చూసి తీసుకున్నావురా దీన్ని?"

"ఆఫర్‌లో వచ్చిందమ్మా."

ఆ వింటూ కూచునేది మాట్లాడే స్పీకరు. ఒకసారి దాని ఎదుట భువనేశ్వరమ్మ మోకాళ్ళ నొప్పి అంది. సాయంత్రానికల్లా ఇంట్లో అందరి ఫోన్లలోనూ మోకాళ్ళ తైలం ప్రకటనలు! "చూసినావా, ఊరంతా టముకేసింది" అని ఆ రోజు నుంచీ ఇంటి గుట్లు మాట్లాడాలంటే దాన్ని ప్రెషర్ కుక్కర్లో పెట్టి మూత బిగించడం మొదలుపెట్టింది. ఒకరోజు గిరి సంగతి తెలియక హాల్లో నిలబడి పాట అడిగితే కుక్కర్లోంచి పాట వచ్చింది. జనని గ్యాసు ఆపడానికి పరిగెత్తింది.

కెమెరాల పని ఇంకా సులువుగా తేల్చింది. ఆడవాళ్ళు వాడి వాడి అద్దం మీద అంటించిన స్టిక్కర్ బొట్లు ఉంటాయి గదా, వాటన్నిటికీ ఒకేసారి ఉద్యోగాలు దొరికాయి. టీవీ కంటికి ఒక బొట్టు, వాకిలి బెల్లు కంటికి ఒక బొట్టు, జనని లాప్‌టాప్ కంటికి ఒక తిలకం బొట్టు. జనని పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె మీటింగుకు వచ్చిందంటే ముందు తెర అంతా ఎర్రగా కనిపిస్తుంది. గోటితో బొట్టు గీకుతూ ఆమె నెట్‌వర్క్ ప్రాబ్లం అంటుంది.

ఇంతవరకూ జనని నవ్వుకుంటూనే భరించింది. మనసు విరిగింది పోయిన ఏడు దసరాలో.

ఆ ఏడు గిరి ఇల్లు ఊడ్చే రోబో తెచ్చాడు. గుండ్రంగా, తిరగలి రాయంత ఉంటుంది. దానంతట అదే తిరిగి దుమ్ము పీలుస్తుంది. కడుపు నిండితే ఆగిపోయి, చక్కటి ఆడగొంతుతో "ప్లీజ్ ఎంప్టీ ద డస్ట్‌బిన్" అంటుంది. ఆ ఒక్క మాటతో భువనేశ్వరమ్మకూ దానికీ పడలేదు.

"వచ్చిన రోజే చెత్తబుట్ట కుమ్మరించమంటాడు! యాడుండో వచ్చి ఎవరికిరా ఆర్డర్లు?"

గొంతు ఆడదైనా ఆవిడ లెక్కలో వాడు మగవాడే. బొమ్మల కొలువు మూడో రోజున వాడు మెట్ల కిందికి దూరి, బయటికి రాబోతూ మెట్లను మోసే ఒక కోడును గుద్దాడు. పై మెట్టు మీది సరస్వతి కింద పడింది. అది జనని పుట్టింటి నుంచి తెచ్చుకున్న మట్టిబొమ్మ. తిరువొత్తియూరులో ఉండే జనని తల్లి రాజలక్ష్మికి ఆవిడ తల్లి ఇచ్చినది. వీణ ముక్కలైంది, కుడి చెయ్యి మోచేతి దగ్గర ఊడింది, మెడ బీట తీసింది.

భువనేశ్వరమ్మ అక్కడికక్కడే రోబోను ఎత్తి అటక మీద పెట్టింది. "విచారణ అయ్యేదాకా సస్పెన్షన్" అంది. జననితో మాత్రం "పాపం" అని ఒక్క మాట అని ఊరుకుంది.

ఆ ఒక్క మాటే జననికి గుచ్చుకుంది. పాలపాకెట్టుకు ఉద్యోగం వెతికే మనిషి, పళ్ళు తోమడం మానేసిన బ్రష్షు చేత లంగాలకు బొందులు ఎక్కించే మనిషి, నా సరస్వతి దగ్గరికి వచ్చేసరికి పాపం అని వదిలేసింది గదా! విరిగిన బొమ్మ ఇంట్లో ఉండకూడదని జనని దాన్ని పాత దుపట్టాలో చుట్టి, వీధి చివర చేపలమ్మే పాప్పాత్తి చేతికిచ్చి కూవంలో వదిలేయమంది. అమ్మకు చెప్పే ధైర్యం చాలలేదు. ఏడాది గడిచింది. ఈసారి కొలువుకు రాజలక్ష్మి వస్తానని కబురు పంపింది. "మా అమ్మ సరస్వతిని చూసి చానా దినాలైంది" అని కూడా అంది. అప్పటినుంచీ జననికి అన్నం సయించడం లేదు.

సరిగ్గా ఈ సమయంలోనే గిరికి ఫ్రిజ్జు ఆఫర్ కనబడింది. పాత ఫ్రిజ్జు ఇస్తే కొత్త స్మార్ట్ ఫ్రిజ్జు. లోపల కెమెరా, బయట తెర, ఇంటర్నెట్టు.

"నేను ఎన్ని వంకాయలు తెచ్చినానో దానికెందుకురా?" అంది భువనేశ్వరమ్మ. "వంటింట్లోది బాగానే పనిచేస్తాండాది గదా."

"చానా గొణుగుతాందమ్మా."

"గొణిగేవాళ్ళనంతా పంపించేస్తే మీ నాయన ఎప్పుడో పోవాల."

గిరి వినలేదు. ఆర్డరు పెట్టి, ఆఫీసు పని మీద బెంగుళూరు వెళ్ళాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో ఫ్రిజ్జులు రెండు. వంటింట్లో గొణిగేది ఒకటి. నడవాలో గోడకు ఆనుకుని ఉన్నది ఇంకొకటి, ఎప్పుడో ఆగిపోయినది. దానికి భువనేశ్వరమ్మ స్టోర్ కీపర్ పోస్టింగ్ ఇచ్చింది. ఎలుక దూరదు, చీమ దూరదు, చెమ్మ చేరదు. అందుకని నాలుగు తరాల కొలువు బొమ్మలూ ఏడాది పొడుగునా అందులోనే ఉంటాయి. తలుపు బిగువు సడలిందని చీరల అంచులు జడలా అల్లి నడుముకు కట్టి, తాళం వేసింది. తాళంచెవి ఆవిడ మెళ్ళోనే ఉంటుంది.

మహాలయ అమావాస్యకు ముందు రోజు కొత్త ఫ్రిజ్జు వచ్చింది. మర్నాడే మెట్లు పేర్చి బొమ్మలు దించాలి. పరంధామయ్య మిద్దె మీద డ్యూటీలో ఉన్నాడు. భువనేశ్వరమ్మ రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్ళింది. అక్కడ ముఖేష్ అని పాత మిషన్ల విడిభాగాలు అమ్మే అతని దగ్గరికి ఈమధ్య తరచూ వెళ్తోంది. ఎందుకని అడిగితే చెప్పదు. జనని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని మీటింగులో ఉంది.

ఇద్దరు మనుషులు కొత్తదాన్ని హాల్లో దించి, పాతది ఎక్కడని సైగ చేశారు. జనని మాట ఆపకుండానే వంటింటి వైపు వేలు చూపింది. ఆ వేలికీ వంటింటికీ మధ్యలో నడవా ఉంది. నడవాలో ఒక ఫ్రిజ్జు ఉంది. ఉన్నదాన్ని వదిలి లోపలికి ఎందుకు పోతారు? "పళయ మాల్, నల్ల వెయిట్" అని అరవంలో పాత సరుకు బరువును మెచ్చుకుంటూ, నిలబెట్టి జాగ్రత్తగా మోసుకుపోయారు.

మీటింగు అయ్యాక ఫోన్‌కు మెసేజీ వచ్చింది. మీ పాత ఫ్రిజ్జును తీసుకున్నాం, భూమిని కాపాడినందుకు ధన్యవాదాలు. వంటింట్లో పాత ఫ్రిజ్జు గొణుగుతూనే ఉంది. జననికి ఒక్క క్షణం అర్థం కాలేదు. నడవాలోకి వచ్చి చూస్తే, ఫ్రిజ్జు ఉన్నంత మేరా గోడ మీద తెల్లటి సున్నం కనబడింది.

అప్పుడే భువనేశ్వరమ్మ గుడ్డసంచి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. విషయం విని ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే జననికి బాగుండేది. ఆవిడ గడపలో కాళ్ళు తుడుచుకునే ఆ మాజీ తువ్వాలు మీదే కూలబడి, "బొమ్మలన్నీ అందులోనే గదా మే" అంది.

జనని కంపెనీ కస్టమర్ కేర్‌కు రాసింది. జవాబిచ్చేది మనిషి కాదు, మిషను. మీ ఫ్రిజ్జు చల్లబడటం లేదా అని అడిగింది. కాదు, అందులో దేవుళ్ళు ఉన్నారు అని రాసింది జనని. లోపల వస్తువులు ఎక్కువైతే చల్లబడదు, కొన్నిటిని తీసేయండి అంది మిషను. తీసుకోవడానికే అడుగుతున్నాను అని రాసింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని అడిగింది. జనని ఫోన్ పక్కన పెట్టి ఏడ్చేసింది.

"దాన్ని కుక్కర్లో పడేసి రా" అంది భువనేశ్వరమ్మ లేచి. "పాప్పాత్తిని అడుగుదాం."

వీధి చివర పాప్పాత్తికి తెలియనిది లేదు. "ఆ లారీనా? మనలి గోడౌనుకు పోతాండామని డ్రైవరు చెప్పినాడు. పోతా పోతా నా దగ్గర వంజరం చేప గూడా కొనుక్కున్నాడు. ఎందుకమ్మా?" అంది. సంగతి తెలియగానే గంప మూసి, ఆటో పిలిచి, అత్తాకోడళ్ళిద్దర్నీ ఎక్కించింది.

ఆటో తిరువొత్తియూరు మీదుగా, కంటైనర్ లారీల సందుల్లో దూరుతూ పోయింది. పుట్టిల్లున్న వీధి మలుపు వచ్చినప్పుడు జనని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. మనలి దగ్గర పడేసరికి రిఫైనరీ వాసన ముక్కుకు తగిలింది. భువనేశ్వరమ్మ గుడ్డసంచిని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది.

"అంత గట్టిగా పట్టుకున్నారు, ఏముంది అత్తా అందులో?"

"వెయిటింగులో ఉండేవాడు" అంది ఆవిడ. అంతకు మించి చెప్పలేదు.

గోడౌనులో కనుచూపు మేర ఫ్రిజ్జులే. తెల్లవి, ఎర్రవి, ఒంటి తలుపువి, జంట తలుపులవి, వరసకు వరస నిలబడి ఉన్నాయి. భువనేశ్వరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇంతమందినీ ఒకేసారి నిలబెట్టేసినారే!" అంది. ఆవిడకు మళ్ళీ ఆ కిటికీ ముందు క్యూ కనబడినట్టుంది.

సూపర్‌వైజర్ సెంథిల్ పొట్టి మనిషి, మాట నెమ్మది. సంగతంతా విని తల అడ్డంగా ఊపాడు. "లోపలికి వచ్చిన ఐటమ్ సిస్టమ్‌లో ఎక్కిపోయిందమ్మా. బయటికి ఇవ్వడానికి రూల్ లేదు. ఇంకో గంటలో ఆ వరస విడగొట్టేదానికి పోతుంది."

"ఫ్రిజ్జు ఎక్కింది. సరే. లోపలుండే రాముడు సిస్టమ్‌లో ఎక్కినాడా?"

"లేదు."

"చెట్టియారు బొమ్మ?"

"లేదమ్మా."

"అయితే వాళ్ళు మీ ఐటములు కాదు. మా మనుషులు."

సెంథిల్ నవ్వబోయి, ఆవిడ ముఖంలోకి పరీక్షగా చూశాడు. "మేడమ్... మీరు ఎక్స్ఛేంజీలో మూలకిటికీ మేడమ్ గదా? నేను మీ దగ్గర రిజిస్టర్ చేసుకున్నాను."

జనని కళ్ళు మూసుకుంది. వచ్చే ప్రశ్న ఆమెకు తెలుసు.

"వచ్చిందా నాయనా ఉద్యోగం?"

"రాలేదు మేడమ్. కానీ అక్కడందరూ నెక్స్ట్ అంటే, మీరొక్కరే ‘తప్పకుండా వస్తుంది, ఇంటికిపోయి అన్నం తిను’ అన్నారు. ఆ మాట ఇంకా గుర్తుంది. రండి, వెతుకుదాం."

వెతకడానికి ఎంతో సేపు పట్టలేదు. అన్ని ఫ్రిజ్జుల్లో నడుముకు చీరంచుల జడ కట్టుకున్నది ఒక్కటే. భువనేశ్వరమ్మ మెళ్ళోంచి తాళంచెవి తీసింది. తలుపు తెరవగానే నాఫ్తలీన్ వాసన గుప్పుమంది. పై అరల్లో పాత చీరముక్కల్లో చుట్టుకుని నాలుగు తరాల బొమ్మలు పదిలంగా ఉన్నాయి. జనని చేతులెత్తి దండం పెట్టింది.

కింది అరల్లోవి ఆమె ఎప్పుడూ చూడనివి. ఒకటి విప్పింది. పక్కింటి వాళ్ళ వినాయకుడు. పోయిన ఏడు తొండం విరిగిందని వాళ్ళు బాధపడుతుంటే విన్నది తనే. ఇప్పుడు దిట్టంగా తొండం ఉంది. తడిమి చూస్తే లోపల మిక్సీ వైరు. ఇంకొకటి ఎదురింటి కోలాటం పిల్ల. చేతిలో కోలాటం కర్రలు ఒకప్పుడు టూత్‌బ్రష్షులు. వీధిలో విరిగిన బొమ్మలన్నీ అక్కడ ఉన్నాయి.

"కూవంలో వదలమని అందరూ పాప్పాత్తి చేతికే ఇస్తారు. నేను ఆమెతో చెప్పి పెట్టినా, నీళ్ళ దాకా పోకముందు నాకు చూపించమని" అంది భువనేశ్వరమ్మ, ఏదో తప్పు చేసినదానిలా.

అట్టడుగున ఉన్న మూటను జనని చూడగానే గుర్తుపట్టింది. అది తన దుపట్టా. విప్పే ధైర్యం లేక అత్తగారి వైపు చూసింది.

"విప్పు మే."

సరస్వతి. మెడ బీట పూడింది. కొత్త వీణ, పాత చెక్క స్కేలుతో చేసినది, సన్నటి రాగితీగలు బిగించినది. కుడి చెయ్యి మోచేతి దగ్గర కీలుతో అతికి ఉంది. భువనేశ్వరమ్మ గుడ్డసంచి విప్పి రోబోను బయటికి తీసింది. చక్రాలు లేవు. నడినెత్తిన ఒక చిన్న కడ్డీ లేచి ఉంది. బొమ్మను దాని మీద కూర్చోబెడితే కడ్డీ సరిగ్గా మోచేతి కిందికి వచ్చింది.

"చక్రాలు పీకించేసినా. ఇంక యాడికీ పోడు. వాడి మోటారు తిరిగితే తల్లి చెయ్యి వీణ మీద ఆడతాది. ఈ మోటారుకే ముఖేషు ఏడాది తిప్పినాడు. పడేసినవాడే మోయాలని నేను పట్టుబట్టినా."

"ఒక్క మాట చెప్పకూడదా అత్తా?" జననికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఏడాదిగా మీ మీద ఎంత కోపం పెట్టుకున్నానో తెలుసా? నా బొమ్మంటేనే మీకు లెక్కలేదనుకున్నా."

భువనేశ్వరమ్మ సెంథిల్ వైపు ఒకసారి చూసి, తల దించుకుంది. "తప్పకుండా వస్తాదని ఎంతమందికి చెప్పినానో ఆ కిటికీ దగ్గర. నమ్ముకుని పోయినారు. ఆర్డరు చేతికి రాకముందు ఎవరికీ ఆశపెట్టకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నా. చెప్పి, అతక్కపోతే నువ్వు రెండోసారి ఏడవవా?"

జనని ఆవిడ చెయ్యి పట్టుకుంది. సెంథిల్ అట్టపెట్టెలు తెస్తానని అటు వెళ్ళాడు.

బొమ్మలు సర్దాక ఖాళీ ఫ్రిజ్జు మిగిలింది. దాన్ని ఏం చేస్తారని భువనేశ్వరమ్మ అడిగింది. గ్యాసు బయటికి పోకుండా తీసేస్తామని, రాగి తీగల తయారీకి పోతుందని, ఇనుము కరిగించి కమ్మీలు చేస్తారని సెంథిల్ చెప్పాడు.

"అంటే మూడో ఉద్యోగం" అంది ఆవిడ. ఫ్రిజ్జు తలుపు మీద రెండుసార్లు తట్టి, "పోయిరా. మంచి సర్వీసు చేసినావు" అని సాగనంపింది. పక్క వరసలో ఒక అనాథ ఫ్రిజ్జులోంచి కూరగాయల ట్రే ఒకటి అడిగి తీసుకుంది. ఆవిడను ఉత్త చేతులతో పంపడం ఎవరి వల్లా కాదు.

కొలువు బ్రహ్మాండంగా జరిగింది. కొత్త ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె కింది మెట్టుగా చేరింది. వంటింట్లో గొణిగేది పాప్పాత్తి ఇంటికి బదిలీ అయింది. కొత్తదాని కంటికి కుంకుమరంగు బొట్టు పడింది. పేరంటానికి వచ్చినవాళ్ళకు ఆ ఏడు ప్లాస్టిక్ డబ్బాలు ఇవ్వలేదు. ఎవరి బొమ్మ వాళ్ళకు, సుండల్ గుగ్గిళ్ళ పొట్లంతో సహా భువనేశ్వరమ్మ చేతిలో పెట్టింది. పక్కింటావిడ వినాయకుణ్ణి పట్టుకుని తొండాన్ని తడిమి తడిమి చూసుకుంది.

రాజలక్ష్మి సరస్వతి ఎదుట నిలబడింది. జనని దాచకుండా ఉన్నదంతా చెప్పేసింది. రాజలక్ష్మి బొమ్మ మోచెయ్యి తడిమి చూసి, "ఈ చెయ్యి ఇదివరకే ఒకసారి విరిగింది మే. మా అమ్మ అన్నం మెతుకుల్తో అతికించింది. నీకు చెప్పలేదంతే" అంది. భువనేశ్వరమ్మ ముఖం వెలిగిపోయింది.

హారతి వేళయింది. ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. జనని స్విచ్చి వేసింది. రోబో చుట్టూ నీలం దీపం వెలిగింది. సరస్వతి చెయ్యి మెల్లగా కదిలి వీణ తీగల మీదికి పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. ముసలివాళ్ళు చెంపలు వేసుకున్నారు. అప్పుడు పై మెట్టు మీది నుంచి, చక్కటి ఆడగొంతుతో, స్పష్టంగా వినబడింది.

"ప్లీజ్ ఎంప్టీ ద డస్ట్‌బిన్."

చక్రాలు పీకిన ముఖేష్ గొంతు పీకడం మరిచిపోయాడు. అందరూ భువనేశ్వరమ్మ వైపు చూశారు. ఆవిడ నోరు తెరవబోయేలోపే జనని రెండు చేతులూ జోడించి సరస్వతికి మొక్కింది.

"ఇంకేం కావాలన్నా అడుగు తల్లీ. ఆ ఒక్క పని మాత్రం ఈ ఇంట్లో జరగదు."